మీటరు బాగుందంటోంది, రాళ్ళ కింద పురుగుల్లేవు. దేన్ని నమ్మాలి?

వాగుఒడ్డు · ఆదివారం రాత్రి 9:40

నమస్కారం. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మూడేళ్ళుగా మేం ఐదుగురం ఒక నదిలో రెండు కిలోమీటర్ల ముక్కను గమనిస్తున్నాం. ఎవరం ఈ చదువు చదివినవాళ్ళం కాదు. నెలకో ఆదివారం మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య వెళ్తాం. మీటరుతో కరిగిన ఆక్సిజన్, పీహెచ్ (నీళ్ళు ఆమ్లమా, క్షారమా అన్న కొలత), ఉష్ణోగ్రత చూస్తాం. కిట్‌తో అమ్మోనియా చూస్తాం. తర్వాత ఒకరు వల పట్టుకుని నిలబడితే, ఇంకొకరు దానికి కాస్త ఎగువన కాళ్ళతో రాళ్ళు కెలుకుతారు. మూడు నిమిషాలు, గడియారం పెట్టుకుని. వలలో పడ్డదంతా తెల్ల ట్రేలో పోసి లెక్కపెడతాం.

మొదటి ఏడాది ట్రే నిండా జీవమే. మేఫ్లై అనే రెక్కల పురుగు తాలూకు మూడు తోకల పిల్లలు, ఇసుక రేణువులు అతికించుకుని గొట్టంలాంటి గూట్లో ఉండే క్యాడిస్ పురుగులు, తూనీగ పిల్లలు, చిన్న రొయ్యలు. రాయి తిరగేస్తే మేఫ్లై పిల్లలు తడి అంచు వెంట చకచకా పాకి అవతలి వైపుకి జారుకునేవి. రెండో ఏడాది తగ్గాయి. ఈ ఏడాది మేఫ్లైలు సున్నా. క్యాడిస్ గూళ్ళు దొరుకుతున్నాయి గానీ లోపల పురుగు లేదు. ఉన్నవల్లా సన్నటి ఎర్ర పురుగులు, దారాల్లాంటి ట్యూబిఫెక్స్ పురుగులు, జలగలు, నత్తలు.

పోయిన గురువారం పొద్దున ఆరున్నరకి అటు వెళ్తే చేపలు తేలి ఉన్నాయి. పదిహేడు లెక్కపెట్టాను, అన్నీ పెద్దవే. నోళ్ళు బార్లా తెరిచి ఉన్నాయి. పిల్లచేపలు మాత్రం బతికే ఉన్నాయి. ఒడ్డు పక్కన చెయ్యి లోతు కూడా లేని నీళ్ళలో మూగి, మూతులు నీటి పైకి పెట్టి గుటకలేస్తున్నాయి. ఆ చప్పుడు ఒడ్డు మీదికి వినిపించింది. అది ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఇంటికెళ్ళి మీటరు తెచ్చి, బృందంలో ఇంకొకరితో కలిసి ఒంటిగంటకి కొలిచాను. ఆక్సిజన్ లీటరుకి 9.2 మిల్లీగ్రాములు. నీటి వేడి 28 డిగ్రీలు. పీహెచ్ 8.8. అమ్మోనియా లీటరుకి 0.8 మిల్లీగ్రాములు. ఫోటోలు పట్టుకుని సంబంధిత అధికారిని కలిస్తే, "మీ రీడింగే ఇంత బాగుంటే ఇంకేముందండీ" అన్నారు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆక్సిజన్ 5 దాటితే చాలా చేపలకి సరిపోతుందని నేనూ చదివాను. మరి 9.2 ఉన్న నీళ్ళలో చేపలకి ఊపిరెందుకు ఆడలేదు?

మా ముక్కకి మధ్యలో ఎడమ ఒడ్డు నుంచి ఒక మురుగు కాలువ కలుస్తుంది. అది మొదటి నుంచీ ఉన్నదే. ఈ రెండేళ్ళలో మాత్రం దాని దిగువన నాచు విపరీతంగా పెరిగింది.

మీటరు తప్పా, మేం పురుగుల్ని లెక్కపెట్టడం తప్పా? తెలిసినవాళ్ళు చెప్పండి.

---

రాయితిప్పి · ఆదివారం రాత్రి 11:15

రెండూ తప్పు కాదండీ. మీరు వెళ్ళే టైమ్‌లో ఉంది తిరకాసు.

ఇరవై రెండేళ్ళుగా నదుల్లో రాళ్ళు తిరగేయడమే నా ఉద్యోగం. మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీరు "బాగుంది" అనుకున్న ఆ 9.2 దగ్గరే నాకు గుండె కలుక్కుమంది.

నీళ్ళు ఆక్సిజన్‌ని ఎంతంటే అంత పట్టి ఉంచలేవు. వేడెక్కేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. 10 డిగ్రీల మంచినీళ్ళలో గాలి నుంచి లీటరుకి సుమారు 11.3 మిల్లీగ్రాములు కరుగుతుంది. 20 డిగ్రీల్లో 9.1. మీ 28 డిగ్రీల్లో 7.8 దగ్గర ఆగిపోవాలి. మీకు 9.2 వచ్చింది. ఆ ఎక్కువ వచ్చినది గాలిలోంచి వచ్చింది కాదు, నాచు ఇచ్చింది. నడి ఎండలో నాచు ఆక్సిజన్‌ని ఊరికే వదిలేస్తుంటుంది, అందుకే పట్టాల్సినదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. పీహెచ్ 8.8కి ఎగబాకడం కూడా దాని పనే. నీళ్ళలోని కార్బన్ డయాక్సైడ్‌ని నాచు లాగేసుకుంటే పీహెచ్ పైకి పోతుంది.

పొద్దుగూకాక అదే నాచు మనలాగే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. కాలువ తెచ్చిన కుళ్ళుని తినే బ్యాక్టీరియా ఎలాగూ రాత్రీపగలూ పీలుస్తూనే ఉంటుంది. ఇచ్చేవాడు లేడు, తీసుకునేవాళ్ళు ఇద్దరు. రాత్రంతా తగ్గుతూ తగ్గుతూ, సూర్యోదయానికి కాస్త ముందు అడుగంటుతుంది. మీరు ఆరున్నరకి చూసింది ఆ రాత్రి మిగిల్చినదాన్నే. ఒంటిగంటకి మీటరు ముంచేసరికి నది మళ్ళీ నిండుగా కనిపించింది.

పెద్ద చేపలే పోయాయన్నారు చూడండి, అది మంచి ఆధారం. ఆక్సిజన్ పడిపోయినప్పుడు సాధారణంగా పెద్దవి ముందు పోతాయి. పిల్లచేపలు పైపొరలో, గాలి తగిలే ఆ సన్నటి నీటిలో నెట్టుకొస్తాయి. విషం కలిస్తే సాధారణంగా ఈ తేడా ఉండదు. చిన్నా పెద్దా కలిసి పోతాయి, ఏ వేళలోనైనా పోతాయి.

ఇక మీ ట్రే. మేఫ్లై పిల్లని అరచేతిలో నాలుగు చుక్కల నీళ్ళలో పెట్టి భూతద్దంలో చూడండి. పొట్టకి రెండు పక్కలా చిన్న ఆకుల్లాంటి మొప్పలుంటాయి. చాలా రకాల్లో అవి అలల్లా ఒకదాని వెనక ఒకటి ఆడుతుంటాయి. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే ఆ ఆట వేగం పెరుగుతుంది. స్టోన్‌ఫ్లై అనే ఇంకో రెక్కల పురుగు పిల్లలు ఇంకా సున్నితం. వాటికి రెండే తోకలు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక స్టోన్‌ఫ్లైని ట్రేలో వదిలి, ఎండలో పెట్టి, కాగితాలు రాసుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి చూస్తే అది ఆరు కాళ్ళ మీద పైకీ కిందికీ లేస్తోంది, దండీలు తీసినట్టు. ఆడుకుంటోందనుకున్నాను. పక్కనున్న సీనియర్ నా చేతిలోంచి ట్రే లాక్కుని నీళ్ళు మార్చారు. దానికి ఊపిరాడట్లేదు, ఒంటి చుట్టూ నీళ్ళు కదిలించుకోడానికి అలా చేస్తోందని చెప్పారు. అప్పటి నుంచి ట్రేని నీడలోనే పెడతాను.

మీ సన్నటి ఎర్ర పురుగులు కైరోనమిడ్ అనే దోమలాంటి ఈగ పిల్లలు. మన రక్తంలో ఉండే హీమోగ్లోబిన్ లాంటిదే వాటి ఒంట్లోనూ ఉంటుంది, ఆ ఎరుపు దానిదే. పిసరంత ఆక్సిజన్‌ని కూడా అవి పట్టేసుకోగలవు. ట్యూబిఫెక్స్ కూడా అంతే, తల బురదలో పెట్టి తోక పైకి ఆడిస్తూ బతికేస్తుంది. శుభ్రమైన నదిలోనూ ఇవి కొన్ని ఉంటాయి. ఇవి మాత్రమే మిగిలాయంటే మిగతావి తట్టుకోలేకపోయాయని అర్థం. బ్రిటన్‌లో పురుగుల కుటుంబాలకి 1 నుంచి 10 దాకా మార్కులు వేసే పద్ధతి ఒకటి 1970ల చివర్లో తయారైంది. అందులో సున్నితమైన మేఫ్లై, స్టోన్‌ఫ్లై కుటుంబాలకి 10. కైరోనమిడ్‌లకి 2. ట్యూబిఫెక్స్ జాతికి 1.

మీటరు మీరు ముంచిన ఆ నిమిషం సంగతి చెబుతుంది. మేఫ్లై పిల్ల రెక్కలొచ్చేదాకా నెలల తరబడి, కొన్ని రకాలైతే ఏడాది పైనే ఆ రాళ్ళ కిందే ఉండాలి. అన్ని రాత్రుల్లో ఒక్క రాత్రి ఆక్సిజన్ పడిపోయినా అది ఉండదు. అందుకే రెండూ పొంతన లేనప్పుడు నేను పురుగునే నమ్ముతాను. నమ్మి, మీటరు పట్టుకుని వేరే టైమ్‌కి వెళ్తాను.

ఈ వారం తెల్లవారుజామున నాలుగున్నరకి వెళ్ళండి. ఒక్కరే వెళ్ళకండి, టార్చ్ తీసుకెళ్ళండి. కాలువ కలవక ముందు ఒకచోట, కలిశాక వంద మీటర్లకి ఒకచోట, ఇంకా కిందికి ఒకచోట కొలవండి. పీహెచ్, అమ్మోనియా కూడా చూడండి. అమ్మోనియా సంగతి ఆ అంకెలు వచ్చాక మాట్లాడుకుందాం.

---

ఒండ్రుమట్టి · సోమవారం ఉదయం 7:05

పైన చెప్పింది సరైన దారే. అయినా అంతా ఆక్సిజనే అని ఇప్పుడే ముద్ర వేయొద్దని నా మనవి. నేను ఒకసారి అలా వేసి, ఒక ఏడాది పోగొట్టాను.

అప్పుడు మేం చూసిన వాగులో పురుగులు దాదాపు మాయమయ్యాయి, చేపలు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి. మురుగే అనుకుని దాని వెంటే పడ్డాం. చివరికి తేలిందేమిటంటే, పొలాల్లో చల్లిన పురుగుమందు వానకి కొట్టుకొచ్చింది. పురుగుల్ని చంపడానికి చేసిన మందు నీళ్ళలో పడినా పురుగుల్నే ముందు చంపుతుంది, ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. ఆ ట్రేలోనూ నత్తలు, వానపాముల్లాంటివి బాగానే ఉన్నాయి, ఆరు కాళ్ళవీ రొయ్యలూ మాత్రమే లేవు. కాబట్టి ఏవి పోయాయో, ఏవి మిగిలాయో జాబితా రాసి పక్కపక్కన పెట్టి చూడండి.

మీ నత్తల్ని కూడా ఒకసారి పట్టి చూడండి. గుల్ల నోటికి గట్టి మూత ఉందా, లేదా? మూత ఉన్నవి మొప్పలతో ఊపిరి తీసుకుంటాయి, నీళ్ళలో ఆక్సిజన్ లేకపోతే కష్టపడతాయి. మూత లేనివాటిలో చాలావాటికి ఊపిరితిత్తిలాంటి సంచి ఉంటుంది, పైకొచ్చి గాలి పీల్చుకుని పోతాయి. మూత ఉన్నవి పోయి లేనివి మిగిలితే రాయితిప్పి గారి మాటకి బలం. నత్తలన్నీ కలిసి పోతే నేను రాగిలాంటి లోహాన్నో, ఆమ్లాన్నో అనుమానిస్తాను. నీళ్ళలో సున్నం తక్కువుంటే లోహాల కాటు ఇంకా ఎక్కువ.

ఇంకొకటి, బురద. ఎగువన ఎక్కడైనా మట్టి తవ్వుతుంటే ఆ సన్నటి ఒండ్రు గులకరాళ్ళ సందుల్లో దిగిపోతుంది. మేఫ్లైలుండేది ఆ సందుల్లోనే. కొన్ని చేపలు గుడ్లు పెట్టేదీ ఆ సందుల్లోనే, గుడ్లకి లోపలినుంచి నీళ్ళు పారుతూ ఉండాలి. సందు మూసుకుపోతే మీటరు ఎన్ని అంకెలు చూపించినా గుడ్డు ఊపిరాడక పోతుంది. రాయి పైకి తీసినప్పుడు కింద గుంటలోంచి మబ్బులా బురద లేస్తోందా అని చూడండి.

పోల్చేటప్పుడు ఒకేలాంటి చోట్లు పోల్చండి. పైన గలగలా పారే చోటా, కింద నిలిచిన మడుగులోనూ వల వేస్తే కాలువ లేకపోయినా తేడా వస్తుంది. వరద వచ్చి వెళ్ళిన రెండు వారాల్లో తీసిన లెక్క నేనైతే పక్కన పడేస్తాను.

---

మొప్ప · సోమవారం ఉదయం 10:30

చేపల వైపు నుంచి నాదొక చిన్న మాట. ఇంకోసారి ఇలా జరిగితే (జరగకూడదనే కోరుకుంటున్నా) ముందు టైమ్ రాసుకోండి, తర్వాత మొప్పలు ఎత్తి చూడండి. పూర్తిగా చచ్చి తేలినదానికంటే ఇంకా కొట్టుకుంటున్న చేప ఎక్కువ చెబుతుంది. మొప్పలు చాక్లెట్ రంగులో ఉంటే నైట్రైట్ మీద అనుమానం పెట్టుకోవాలి. అది రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని పోగొడుతుంది, అప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ ఉన్నా చేపకి అందదు. మొప్పల మీద జిగురు పేరుకుంటే చిరాకు పెట్టేదేదో నీళ్ళలో కలిసింది. రెండు మూడు చేపల్ని ఐస్‌లో పెట్టి, గంటల్లోనే ల్యాబ్‌కి చేర్చాలి. ఎండలో సగం రోజు తేలిన చేపతో ల్యాబ్ వాళ్ళు ఏమీ చేయలేరు. చేతికి గ్లౌజులు మరచిపోకండి.

---

వాగుఒడ్డు · గురువారం ఉదయం 8:20

అందరికీ కృతజ్ఞతలు. ఇద్దరం వెళ్ళొచ్చాం. నాలుగున్నరకి మొదలుపెట్టి ఐదుంపావుకి ముగించాం. నీటి వేడి 26 డిగ్రీలు.

కాలువకి ఎగువన ఆక్సిజన్ 6.1. కాలువ కలిశాక వంద మీటర్లకి 4.4. ఇంకా కిందికి, చేపలు తేలిన చోట, సుమారు ఆరువందల మీటర్ల దూరంలో 1.8. నమ్మకం కుదరక మీటరు కడిగి మూడుసార్లు ముంచాం. 1.8, 1.7, 1.8. అక్కడ పీహెచ్ 7.4, అమ్మోనియా 0.9.

దిగువన నత్తలన్నీ మూత లేనివే. ఎగువన రెండు రకాలూ ఉన్నాయి. రాళ్ళ కింద బురద మబ్బు పెద్దగా లేవలేదు. ఎగువన అదే లోతులో, అదే పారుదలలో వల వేస్తే పదకొండు మేఫ్లైలు, క్యాడిస్‌లు వచ్చాయి, గూళ్ళలో పురుగుతో సహా. ఆ పదకొండూ లెక్కపెట్టేటప్పుడు నా చెయ్యి వణికింది. మా ముక్కలో అవి ఇంకా ఉన్నాయని నాకు తెలీదు.

రెండు అనుమానాలు. కాలువకి దగ్గర్లో 4.4 ఉండి, దూరం వెళ్ళాక 1.8 ఏమిటి? దగ్గరే కదా ఎక్కువ చెడిపోవాలి? రెండోది, అమ్మోనియా పెద్దగా మారలేదు కాబట్టి దాన్ని వదిలేయొచ్చా?

---

రాయితిప్పి · గురువారం మధ్యాహ్నం 1:50

మూడుసార్లు ముంచారు చూడండి, దానికి నా నమస్కారం.

మొదటిది. కాలువ నీళ్ళు కలవగానే ఆక్సిజన్ మాయమవదు. కుళ్ళు తినడం మొదలుపెట్టాలి, బ్యాక్టీరియా పెరగాలి, ఈలోగా నీళ్ళు పారిపోతూ ఉంటాయి. కాబట్టి ఆక్సిజన్ దిగువకి వెళ్ళేకొద్దీ పడి, ఒకచోట అట్టడుగుకి చేరి, తర్వాత గాలి నుంచి నెమ్మదిగా కోలుకుంటుంది. కాగితం మీద గీస్తే జోలె వేలాడినట్టుంటుంది. అమెరికాలో ఒహైయో నది మీద పనిచేసిన స్ట్రీటర్, ఫెల్ప్స్ 1925లోనే దీనికి లెక్క కట్టారు. ఆ అడుగు ఎక్కడుందో మీకింకా తెలీదు. 1.8 కంటే తక్కువ ఇంకా కింద ఉండొచ్చు. ఈసారి కిలోమీటరు దాకా వెళ్ళండి. కాలువ పక్కనే నిలబడి కొలిచేవాళ్ళకి ఈ గుంట ఎప్పటికీ కనపడదు.

రెండోది. దయచేసి అమ్మోనియాని వదలకండి. కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో చేపకి బాగా విషమయ్యేది ఒక రూపమే, అది ఎంత ఉంటుందన్నది పీహెచ్, వేడి తేలుస్తాయి. మీ తెల్లవారుజాము నీళ్ళలో, 7.4 పీహెచ్ దగ్గర, ఆ విషపు వాటా నూటికి ఒకటిన్నర. అంటే 0.9లో దాదాపు 0.014. అదే మధ్యాహ్నం నాచు పీహెచ్‌ని 8.8కి తోసినప్పుడు, 28 డిగ్రీల్లో ఆ వాటా నూటికి 30. మీ 0.8లో పావు మిల్లీగ్రాముకి దగ్గర. సున్నితమైన చేపల విషయంలో చాలాకాలంగా వాడే హద్దు 0.02 దగ్గరుంటుంది. మీ మధ్యాహ్నం దానికి పది రెట్లు దాటింది.

ఇప్పుడు ఆ చేప వైపు నుంచి ఆలోచించండి. పగలు ఆక్సిజన్ దండిగా ఉంటుంది, అమ్మోనియా మొప్పల్ని కాలుస్తుంది. రాత్రి అమ్మోనియా కాటు తగ్గుతుంది, ఊపిరి ఆడదు. రోజూ ఇదే. పైగా నీళ్ళు వేడెక్కేకొద్దీ చేప ఒంటికి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది, నీళ్ళు ఇవ్వగలిగింది తగ్గుతుంది. రెండింటికీ మూలం ఆ కాలువే. నాచు పెరుగుదల కూడా అది మోసుకొచ్చే ఎరువు వల్లే.

అధికారి దగ్గరికి ఒకే పేజీ తీసుకెళ్ళండి. ఒకే చోటు, వారం తేడాలో, ఒంటిగంటకి 9.2, ఐదింటికి 1.8. పక్కన ఎగువ ట్రే ఫోటో, దిగువ ట్రే ఫోటో. తిడుతూ మొదలుపెట్టకండి, "మీరూ ఒకసారి తెల్లవారుజామున రండి" అనండి. రాత్రంతా పదిహేను నిమిషాలకోసారి రాసుకునే లాగర్ ఎవరి దగ్గరైనా దొరికితే ఒక వారం నీళ్ళలో వదలండి, అప్పుడు ఎవరూ కాదనలేరు.

ఎగువన మేఫ్లైలు మిగిలి ఉండడం నిజంగా పెద్ద వార్త. కాలువ బాగుపడితే అవే దిగువకి కొట్టుకొస్తాయి. రాత్రిపూట రాయి వదిలి కొంచెం దూరం ప్రవాహంలో జారడం వాటి అలవాటే. రెక్కలొచ్చిన ఆడవి ఎగిరొచ్చి గుడ్లూ పెడతాయి. ఎగువ ఖాళీ అయిన నదికి ఈ దారి ఉండదు. లండన్ థేమ్స్‌లో 1957 నాటికి నగరం మధ్య ముక్క చచ్చిపోయిందని రాసేశారు. మురుగు శుద్ధి మెరుగుపరిచాక 1974లో ఆ నదిలో మళ్ళీ సాల్మన్ చేప కనపడింది. మీది రెండు కిలోమీటర్లు, ఒక కాలువ.

---

ఒండ్రుమట్టి · గురువారం సాయంత్రం 6:10

మూత నత్తల లెక్క చూశాక నేనూ ఒప్పుకుంటున్నాను, ఇది పురుగుమందు కాదు. ఎగువ చోటుని మాత్రం నెలనెలా వదలకుండా చూడండి. పోయినవాటి కంటే ఉన్నవాటిని ఇప్పుడు ఎక్కువ కాపలా కాయాలి. అక్కడ ఏదైనా తవ్వకం మొదలైతే వెంటనే ఇక్కడ రాయండి.

---

వాగుఒడ్డు · మరుసటి సోమవారం రాత్రి 10:05

నిన్న కిలోమీటరు దాకా వెళ్ళాం. తొమ్మిదివందల మీటర్ల దగ్గర 1.1. ఆ తర్వాత చిన్న రాతి దిగుడు ఉంది, నీళ్ళు దాని మీంచి దూకుతాయి. దాని కింద 3.6. మూడేళ్ళలో మేం ఎన్నడూ అంతదూరం వల తీసుకెళ్ళలేదు.

పేజీ ఇచ్చాను. అధికారి రెండు ఫోటోలూ చాలాసేపు చూశారు. గురువారం తెల్లవారుజామున నాలుగున్నరకి వస్తానన్నారు, వాళ్ళ మీటరు వాళ్ళే తెస్తారట. ఐదుగురం వెళ్తున్నాం. ట్రే ఈసారి నీడలో పెడతాను, రాయితిప్పి గారూ.

లాగర్ ఒక్క వారానికి అరువిచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ చర్చలోనే చెప్పండి.